ఆరోగ్యం, వెల్‌నెస్ డిప్లొమా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి మా కమ్యూనిటీ కాలేజీ ఆఫీసు గది ముందున్న బెంచీ ఖాళీగా ఉండదు. విజయవాడ పిల్లలు, గుంటూరు నుంచి పొద్దున బస్సులో వచ్చినవాళ్లు, పక్కన తల్లో తండ్రో మేనమామో. అడిగేవి దాదాపు ఒకే రకం ప్రశ్నలు. ప్రాస్పెక్టస్‌లో వాటికి జవాబులు ఉన్నాయి, కానీ అవి కాలేజీ ఇచ్చే జవాబులు. ఇక్కడున్నవి ఈ కోర్సులో పాఠం చెప్పే మనిషి జవాబులు. కొన్ని మీకు నచ్చకపోవచ్చు.

ఈ కోర్సులో అసలు ఏం చదువుతారు?

శరీరం పనిచేసే తీరు, పోషణ, వ్యాయామం, యోగా, ప్రథమ చికిత్స, మధుమేహం, రక్తపోటు లాంటి దీర్ఘకాలిక జబ్బుల గురించి ప్రాథమిక విషయాలు, మానసిక ఆరోగ్యం, ప్రజారోగ్యం. కాగితం మీద ఇది ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలాగే కనిపిస్తుంది. పనిలోకి దిగితే మాత్రం మూడు విషయాలే మిగులుతాయి: సరిగ్గా కొలవడం, ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం, ఎప్పుడు డాక్టరు దగ్గరకు పంపాలో తెలుసుకోవడం. పరీక్షల్లో నూటికి తొంభై తెచ్చుకుని మూడోది రాని విద్యార్థి కన్నా, అత్తెసరు మార్కులతో గట్టెక్కి మూడోది వచ్చిన విద్యార్థి నా దృష్టిలో నయం.

చదివాక పేరు ముందు ‘డాక్టర్’ అని పెట్టుకోవచ్చా?

పెట్టుకోకూడదు. మందులు రాయకూడదు. డాక్టరు రాసిన మందు ఆపమని చెప్పకూడదు. ఈ చివరిది ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతున్నాను. మందు రాయడానికి అందరికీ కాస్త భయం ఉంటుంది. “షుగరు మాత్రలు ఇక చాలండి” అని చెప్పడానికి ఎవరికీ భయం ఉండదు, వినేవాళ్లకు కూడా అది తీపి మాటే. ఆసుపత్రి పాలయ్యేది ఆ మాట విన్నవాళ్లే.

కమ్యూనిటీ కాలేజీ అంటే మామూలు డిగ్రీ కాలేజీ కాదా?

మన దేశంలో ఈ పద్ధతి 1995లో పుదుచ్చేరిలో మొదలైంది. చుట్టుపక్కల ఏ పనికి మనుషులు కావాలో చూసి, ఆ పని నేర్పే చిన్న కోర్సులు పెట్టడం దీని ఉద్దేశం. 2013లో కేంద్రం, ఏ నైపుణ్య కోర్సు ఏ స్థాయిదో చెప్పే జాతీయ నైపుణ్య అర్హతల చట్రాన్ని ప్రకటించింది. ఆ రోజుల్లోనే యూజీసీ కూడా కమ్యూనిటీ కాలేజీలకు ఒక పథకం తెచ్చింది. ఆరు నెలలకు సర్టిఫికెట్, ఏడాదికి డిప్లొమా, రెండేళ్లకు అడ్వాన్స్‌డ్ డిప్లొమా. మధ్యలో ఆగినా చేతిలో ఏదో ఒక పత్రం ఉంటుంది. చాలాచోట్ల ఇవి మామూలు డిగ్రీ కాలేజీ ఆవరణలోనే, రెండు మూడు గదుల్లో నడుస్తాయి. బోర్డు చూసి తేడా కనిపెట్టలేరు.

బైపీసీ కాదు, మా అమ్మాయి సీఈసీ. చేరవచ్చా?

చేరవచ్చు. మొదటి రెండు నెలలు కష్టపడాలి. గుండెకు ఎన్ని గదులో, ఇన్సులిన్ ఎక్కడ పుడుతుందో బైపీసీ పిల్లలకు ముందే తెలుసు. కానీ సీఈసీ, హెచ్ఈసీ నుంచి వచ్చినవాళ్లు తెలియనిది తెలియదని అడుగుతారు. బైపీసీ వాళ్లు తెలిసినట్టు తలాడిస్తారు. ఆ అలవాటు మాన్పించడానికి నాకు ఒక సెమిస్టరు పడుతుంది.

ఇంగ్లీషు రాదు. పరవాలేదా?

పాఠ్యపుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, పాఠం తెలుగులోనే జరుగుతుంది. మందుల చీటీ, ల్యాబ్ రిపోర్టు చదివేంత ఇంగ్లీషు తప్పనిసరిగా నేర్చుకోవాలి. అంతకన్నా పెద్ద ఇబ్బంది మంచి తెలుగు రాకపోవడం. ‘కొలెస్ట్రాల్ లెవెల్ బోర్డర్‌లైన్‌లో ఉంది’ అని చెప్పి వచ్చేస్తే తాడేపల్లి నుంచి వచ్చిన రైతుకు ఏం అర్థమవుతుంది? “కొవ్వు కాస్త హద్దుకు దగ్గరగా ఉంది, ఇప్పుడే మందు అక్కర్లేదని డాక్టరు అన్నారు, మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలి” అని చెప్పడం నేర్చుకోవాలి. దీనికి మేం మౌఖిక పరీక్ష పెడతాం.

బీపీ చూడటానికి కూడా తరగతులెందుకు? మిషను మీద మీట నొక్కితే చెబుతుంది కదా?

మిషను అంకె చెబుతుంది. ఆ అంకెను నమ్మవచ్చో లేదో చెప్పదు.

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఏదో ఒక ఆసుపత్రి మెట్లెక్కి, ఆయాసపడుతూ వచ్చి, ఫోనులో మాట్లాడుతూ, చొక్కా చేతి మీదనుంచే పట్టీ కట్టించుకునేవాళ్లను మీరు చూసే ఉంటారు. అప్పుడు వచ్చే అంకె ఆ మెట్లది, ఆ ఫోనుది. కొలవడానికి ముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చేయి గుండె ఎత్తులో ఉండాలి, కింద ఆసరా ఉండాలి. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్టు ఉండకూడదు. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. కొలిచేటప్పుడు ఇద్దరూ మాట్లాడకూడదు. పట్టీ చేతి లావుకు తగినది కావాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కూడా కనిపిస్తుంది. ఒకటి రెండు నిమిషాల తేడాతో మరోసారి చూడాలి.

మొదటి నెలలో పిల్లలు ఒకరికొకరు మెట్లెక్కి వచ్చి ఒకసారి, కూర్చుని తీరుబాటుగా ఒకసారి చూసుకుంటారు. అంకె మారడం వాళ్ల కళ్లతో వాళ్లే చూస్తారు. ఆ తర్వాత ఎవరికీ నియమాలు గుర్తుచేయాల్సిన పని ఉండదు.

ఇంకో సంగతి. 140/90 దాటితే ఎక్కువ అంటారు. కానీ ఒకసారి చూసిన అంకెతో ఎవరికీ ‘బీపీ ఉంది’ అని ముద్ర వేయకూడదు. వేరే రోజుల్లో మళ్లీ చూడాలి, డాక్టరు చెప్పాలి. అలాగని 180/120 చూపించి, గుండెలో నొప్పి, చూపు మసక, మాట తడబాటు కూడా ఉంటే “రేపు చూద్దాం” అనకూడదు, అప్పుడే 108కి ఫోన్ చేయాలి. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా నేర్పడానికే తరగతులు.

పోషణ పాఠం చెప్పి గుంటూరు వాళ్లను ఆవకాయ మానేయమంటారా?

అనం. అన్నా ఎవరూ వినరు. వినని సలహా ఇవ్వడం సలహాదారుడి తప్పే.

ఉప్పు రోజుకు 5 గ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే సుమారు ఒక చిన్న చెంచా. కూరలో, పప్పులో, పులుసులో, పచ్చడిలో, అప్పడంలో, మజ్జిగలో వేసినదంతా కలిపి. ఈ మాట చెప్పగానే తరగతిలో ప్రతి ఒక్కరూ “మా ఇంట్లో ఉప్పు తక్కువే వాడతాం” అంటారు. అప్పుడు ఒక లెక్క ఇస్తాం. నెలకు ఇంట్లో ఎన్ని ఉప్పు ప్యాకెట్లు అవుతాయో అమ్మను అడిగి రండి, ఇంట్లో మనుషుల సంఖ్యతోనూ ముప్పైతోనూ భాగించండి. నలుగురున్న ఇంట్లో వంటకు నెలకు ఒక కిలో అయిపోతే మనిషికి రోజుకు 8 గ్రాములు దాటినట్టే. వేసవిలో జాడీలోకి వెళ్లిన ఉప్పు ఇందులో లేదు, సాయంత్రం బండి దగ్గర తిన్న మిరపకాయ బజ్జీ కూడా లేదు. లెక్క తెచ్చిన రోజు తరగతి కాస్త నిశ్శబ్దంగా ఉంటుంది.

తర్వాతే అసలు పాఠం. పచ్చడి ఉన్న పూట పప్పులో ఉప్పు తగ్గించడం. మజ్జిగలో ఉప్పు మానేయడం. రెండో ముద్దకు పచ్చడి, మూడో ముద్దకు కూడా పచ్చడి అన్నట్టు కాకుండా కూర వంతు పెంచడం. పళ్లూ కూరగాయలూ కలిపి రోజుకు 400 గ్రాములు కావాలంటారు, మన కంచంలో అన్నం కొండలా ఉండి కూర దాని పక్కన బొట్టులా ఉంటే ఆ లెక్క ఎప్పటికీ కుదరదు. కారం తగ్గించమనడం వేరు, ఉప్పు తగ్గించమనడం వేరు. ఇవి రెండూ కలిపి చెప్పేస్తే తినే మనిషి రెండూ వదిలేస్తాడు, మీ సలహాతో సహా.

ఇక్కడే ఒక హెచ్చరిక. బజారులో దొరికే ‘తక్కువ సోడియం ఉప్పు’లో పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లకు అది ప్రమాదం కావచ్చు. మంచి ఉద్దేశంతో ఇచ్చిన సలహా కూడా హాని చేయగలదని చెప్పడానికి నేను వాడే మొదటి ఉదాహరణ ఇదే.

అన్నం గురించి పిల్లలు తెగ వాదిస్తారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చరిత్ర వాళ్లకు చెబుతాను. అది 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకు చిన్న విభాగంగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యమే ప్రధానంగా తినేచోట్ల బి1 విటమిన్ లోపంతో వచ్చే జబ్బు బెరిబెరి. అన్నంతో తగువు ఇవాళ్టి సెల్‌ఫోను వీడియోలతో మొదలు కాలేదు.

కోర్సు అయ్యాక సొంతంగా డైట్ సెంటర్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చా అన్నదానికన్నా అక్కడ ఏం చేస్తారన్నది ముఖ్యం. బరువు, నడుము కొలత చూసి, నడక, నిద్ర, తిండి గురించి మాట్లాడి, అవసరమైనవాళ్లను డాక్టరు దగ్గరకు పంపితే మంచిదే. భారతీయులకు పురుషుల్లో 90 సెంటీమీటర్లు, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటిన నడుము జాగ్రత్త పడాల్సిన కొలత. బరువు కాటా కన్నా టైలరు టేపే చాలాసార్లు నిజం చెబుతుంది.

‘షుగరు పూర్తిగా నయం’ అని బోర్డు పెడితే మాత్రం అది నేరం. మందులు, మంత్రమహిమల ప్రకటనలను నియంత్రించే చట్టం 1954లోనే వచ్చింది. నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల పట్టికలో మధుమేహం ఉంది. డబ్బాల్లో పొడులు అమ్మాలంటే ఆహార భద్రత శాఖ లైసెన్సు కావాలి. లైసెన్సు ఉన్నా, ఆ పొడి తాగితేనే బరువు తగ్గుతారని చెప్పడం మీకు తగదు. మా దగ్గర చదివిన ఇద్దరు ముగ్గురు ఇలాంటి పొడుల వ్యాపారంలోకి వెళ్లారు. పండక్కి ఫోన్ చేస్తారు, బాగానే మాట్లాడతాను, డబ్బా మాత్రం కొనను.

‘డైటీషియన్’ అన్న మాట కూడా జాగ్రత్తగా వాడాలి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఆ వృత్తిని తన జాబితాలో చేర్చింది. ఆ హోదాకు కనీసం 3,600 గంటల డిగ్రీ చదువు కావాలి. మన డిప్లొమా అంత కాదు.

అలాంటప్పుడు నర్సింగో ల్యాబ్ టెక్నీషియనో చదివించడం మేలు కదా?

మీ అమ్మాయికి ఆసుపత్రిలో పనిచేయాలని గట్టిగా ఉంటే, అవును, మేలే. ఆ చదువులకు ప్రత్యేక మండళ్లు ఉన్నాయి, రిజిస్ట్రేషన్ ఉంది, ప్రభుత్వ నోటిఫికేషన్లు వస్తాయి. నర్సింగ్, ఫిజియోథెరపీ డిగ్రీలకు 1986లో ఏర్పడిన ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడలోనే ఉంది. ఇంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్ పని నేర్పే ఒకేషనల్ ఎంఎల్‌టీ కూడా ఉంది. ఇవి కాదని మా దగ్గరకు రమ్మని ఎవరికీ చెప్పను.

గ్రామాల్లోని హెల్త్ క్లినిక్‌లలో ఉద్యోగం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కేంద్రం వాటికి మొదట ‘హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్’ అని పేరు పెట్టింది. మన కోర్సు పేరూ అదే కాబట్టి ఈ అపోహ పుట్టింది. మన రాష్ట్రంలో ఆ పోస్టులకు బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లను తీసుకున్నారు.

మరి ఉద్యోగాలు ఎక్కడ?

పెద్ద ఆసుపత్రుల్లో రోగులకూ డాక్టర్లకూ మధ్య సమన్వయం చూసే పని, ఆరోగ్య శిబిరాలు, పాఠశాలలు, జిమ్‌లు, స్వచ్ఛంద సంస్థలు. వీటన్నిటికన్నా వేగంగా పెరుగుతున్నది ఇంటి దగ్గర పెద్దవాళ్లను చూసుకునే పని. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు, బ్రాడీపేటలోనో పటమటలోనో రెండంతస్తుల ఇంట్లో తల్లిదండ్రులు ఇద్దరే ఉంటారు. వాళ్లకు రోజూ బీపీ, షుగరు చూసి రాసిపెట్టి, మందు వేళకు వేసుకున్నారో లేదో చూసి, నడిపించి, వారానికోసారి పిల్లలతో వీడియోలో మాట్లాడే మనిషి కావాలి. ఆ పిల్లలకు కావాల్సింది డిగ్రీ కాగితం కన్నా నమ్మకం.

మొదటి జీతం గొప్పగా ఉండదు. ఆ ముక్క చేరేముందే తెలియడం మంచిది. మేనమామలు ఎక్కువగా నిరాశపడేది ఇక్కడే.

యోగా నేర్పితే వేరే సర్టిఫికెట్ కావాలా?

డిప్లొమాలో ఉండే యోగా పరిచయం వరకే. నేర్పడం వృత్తిగా పెట్టుకోవాలంటే ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద ఉన్న యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలు రాయండి. వాటిలో మెట్లు ఉన్నాయి, కింది మెట్టు నుంచి మొదలుపెట్టండి. ప్రకృతి వైద్యం పూర్తిగా వేరు. దాని డిగ్రీకి ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు పడుతుంది. కృష్ణ కరకట్ట మీద ఆశ్రమానికి వెళ్లి పది రోజులు ఉండి వచ్చినంత మాత్రాన అది రాదు.

మానసిక ఆరోగ్యం అంటే కౌన్సెలింగ్ చేయడమా?

వినడం వరకు. ఇంటర్ పిల్లల హాస్టళ్లు ఇన్ని ఉన్న ఊళ్లో ఈ పాఠాన్ని తేలిగ్గా దాటేయకూడదు, అందుకే దీనికి సిలబస్‌లో ఇచ్చినదానికన్నా ఎక్కువ గంటలు తీసుకుంటాను. సరిగ్గా నిద్రపోకపోవడం, తిండి తగ్గడం, ఇష్టమైనవి కూడా వదిలేయడం, ‘నేను లేకపోతే అందరికీ హాయి’ లాంటి మాటలు. ఇవి విన్నప్పుడు “అలా అనకూడదు, ధైర్యంగా ఉండు” అనడం మనందరికీ అలవాటు. దాంతో అవతలి మనిషి నోరు మూసుకుంటాడు. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందని చాలామంది భయపడతారు. అలా పుట్టదు. అడగండి, ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్లకూ డాక్టరుకూ చేర్చండి. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఫోన్ సేవ టెలీ మానస్, దాని నంబరు 14416. ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. మా విద్యార్థులంతా ఈ నంబరు చూడకుండా చెప్పగలగాలి. చెప్పలేకపోతే ప్రాక్టికల్ మార్కులు పోతాయి.

రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. ప్రథమ చికిత్స నేర్చుకోగలనా?

చాలామందికి తిరుగుతాయి, అలవాటవుతుంది. మన రెండు ఊళ్ల మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి వెళుతుంది, ఈ పాఠం ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది. గుండె ఆగిన మనిషికి ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు నొక్కాలి, దీన్నే సీపీఆర్ అంటారు. బొమ్మ మీద రెండు నిమిషాలు చేస్తే చాలు, చెమటలు పడతాయి. క్షతగాత్రులకు సాయం చేస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామన్న భయం ఇంకా ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, సాయం చేసినవాళ్లకు రక్షణ కల్పించారు.

మే నెల మరో పాఠం. ఎండకు పడిపోయి, ఒళ్లు కాలిపోతూ, మాట తేడాగా ఉన్న మనిషి నోట్లో నీళ్లు పోయకండి. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, విసనకర్రతో విసిరి, 108కి ఫోన్ చేయండి. స్పృహలో ఉండి నీరసపడినవాళ్లకు ఓఆర్ఎస్ ఇవ్వవచ్చు. ప్యాకెట్ మీద ఎంత నీళ్లని ఉంటే అంతే నీళ్లు. ఒక లీటరు ప్యాకెట్‌ను గ్లాసులో కలపడం మన ఇళ్లలో జరిగే మామూలు పొరపాటు.

నాకు నలభై ఏళ్లు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఇప్పుడు చేరితే బాగుంటుందా?

రండి. తరగతిలో మీలాంటివాళ్లు ఇద్దరుంటే నా పని సగం తగ్గుతుంది. పథ్యం పెట్టినవాళ్లు, అత్తగారికి ఇన్సులిన్ ఇచ్చినవాళ్లు, ఆసుపత్రి వరండాలో రాత్రుళ్లు కూర్చున్నవాళ్లు మీరు.

అబ్బాయిలు చదువుతారా?

చదువుతారు, తక్కువమంది. మగ పెద్దవాళ్లను చూసుకోవడానికి మగ సహాయకులు కావాలని అడిగే ఇళ్లు చాలా ఉన్నాయి.

పెళ్లి సంబంధాలకు ఈ చదువు పనికొస్తుందా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు లేదు.

ఏ కాలేజీలో చేరాలో ఎలా తేల్చుకోవాలి?

పత్రం మీద ఎవరి ముద్ర ఉంటుందో ముందు అడగండి. విశ్వవిద్యాలయమా, నైపుణ్య మండలా, లేక కాలేజీ సొంత ముద్రేనా? విజయవాడ వైపు కాలేజీలకు కృష్ణా విశ్వవిద్యాలయం, గుంటూరు వైపు కాలేజీలకు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం అనుబంధం ఇస్తాయి. “అనుబంధం ఉంది” అంటే సరిపోదు, ఈ కోర్సుకు ఉందా అని అడగండి. బీఎస్సీకి ఉన్న అనుబంధాన్ని చూపించి డిప్లొమా అమ్మేవాళ్లు ఉన్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఈ కోర్సుకు వర్తిస్తుందా అన్నది కూడా నోటిమాటగా వద్దు, కాగితం మీద చూపించమనండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.

ప్రాక్టికల్ గది చూపించమనండి. బీపీ మిషన్లు డబ్బాల్లోంచి తీయకుండా కొత్తగా మెరుస్తుంటే, సీపీఆర్ బొమ్మ మీద ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంటే, ఇంకో కాలేజీ చూసుకోండి. పాత విద్యార్థుల ఫోన్ నంబర్లు అడగండి. చిన్న కాలేజీకి ఉన్న బలం ఒక్కటే, అక్కడ పాఠం చెప్పేవాళ్లకు ప్రతి విద్యార్థి పేరు తెలుస్తుంది. చదివి వెళ్లినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో చెప్పలేకపోతే ఆ బలం కూడా లేనట్టే.

చేరడానికి ఏమేం తీసుకురావాలి?

పది, ఇంటర్ మార్కుల జాబితాలు, బదిలీ పత్రం, ఆధార్, అవసరమైనవాళ్లకు కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఫొటోలు. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకెళ్లండి, ఏ కాలేజీలోనూ వదిలేయకండి. గుంటూరు నుంచి వచ్చేవాళ్లు తొమ్మిదిన్నర లోపు వస్తే ప్రాక్టికల్ తరగతి జరుగుతుంటుంది, వెనక బెంచీలో కూర్చుని చూడవచ్చు. చేయి చాపితే ఎవరో ఒకరు మీ బీపీ కూడా చూస్తారు, కాకపోతే ముందు ఐదు నిమిషాలు కూర్చోబెడతారు.